తొండాడినా సరే, కాలరుండాల!

ఆ గోల్ఫ్ మర్యాదల పట్టిక మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. రానివాళ్ళు ఊళ్ళో మిగిలినట్టు లేరు. పక్కవాడు కొట్టేటప్పుడు నోరు మూసుకోవాలి. వాడి బంతి దొర్లే దారిలో కాలు పెట్టకూడదు, నీడ కూడా పడనీయకూడదు. జీన్సు ప్యాంటు, కాలరు లేని చొక్కా పనికిరావు. ఇసుక గుంటలోంచి కొట్టినాక దంతెతో ఇసుక చదును చేసి మరీ కదలాలి. లేచిపోయిన గడ్డిపెళ్ళను తెచ్చి దాని చోట అతికించాలి. అన్నీ అయినాక అడుగున బంగారు రంగు అక్షరాలు: గోల్ఫ్ నిజాయితీ నేర్పే ఆట, దానికి అంపైరు అక్కర్లేదు.

అనంతపురంలో నిజాయితీకి ఇంత గిరాకీ ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు. ఆదివారం తెల్లారకముందే కొడికొండ చెక్‌పోస్టు దాటి దేవనహళ్ళి గోల్ఫ్ కోర్సుల వైపు ఉరికే బండ్లన్నీ దానికోసమేనట! నిన్నమొన్నటి దాకా ఆ డిక్కీల్లో పేకముక్కల కట్టలుండేవి. ఇప్పుడు పద్నాలుగు కర్రల సంచి ఉంది. పేక మీద పందెం కాస్తే కేసు, గోల్ఫ్ మీద కాస్తే నెట్‌వర్కింగ్. సప్తగిరి సర్కిల్లో హారను మీది నుంచి చెయ్యి తీయని మనిషి, పెండ్లిలో మైకు దొరికితే వదలని మనిషి, అక్కడ ఎవరో రెండడుగుల దూరం నుంచి బంతిని గుంతలోకి నెడుతుంటే ఊపిరి బిగబట్టి నిలబడతాడట. చాలా సంతోషం.

ఈ ఆట నిజాయితీ గురించి ఎవరు ఉపన్యాసం మొదలుపెట్టినా బాబీ జోన్స్ అనే ఆటగాడి దగ్గరే మొదలుపెడతారు. 1925 యు.ఎస్. ఓపెన్‌లో, కొట్టబోయే ముందు బంతి రవ్వంత కదిలిందని ఆయన తనకు తానే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. చివరికి టైటిలే పోయింది. మహానుభావుడు, చేతులెత్తి మొక్కుదాం. కానీ నూరేళ్ళు దాటినా అదే కథ చెప్పుకోవాల్సి వస్తోందంటే, నిజాయితీ సరుకు ఆ కొట్లో మళ్ళీ దిగినట్టు లేదు.

నన్నూ ఒకసారి అతిథిగా తీసుకుపోయినారు. ఏ కోర్సో చెప్పను. మా కాంట్రాక్టరు బావ కొట్టిన బంతి పోయి పోయి కంపచెట్లలో పడింది. నా రెండు కళ్ళతో చూసినాను. వెతకడానికి మూడు నిమిషాలే గడువు. 2019 దాకా అయిదుండేది, తగ్గించినారు. గడువు ముగియబోతుండగా గడ్డి మీద నుంచి కేక: "ఈడే ఉండాదప్పా!"

తెల్లగా, కడిగిన ముత్యంలా ఉంది బంతి.

"కంపలో కదా బావా పడింది?" అన్నాను.

"చెట్టుకు తగిలి ఎనక్కొచ్చినట్టుంది సామీ."

సంచి మోసే కేడీ కుర్రాడు ఆకాశం వైపు చూస్తున్నాడు. అక్కడ మేఘం కూడా లేదు. ఆ గుంత ముగిసేసరికి నా లెక్కకు ఏడు దెబ్బలు. బావ లెక్కకు అయిదు. మొదటిది మల్లిగన్ అట, అంటే అది జరగనే లేదు. ఇంకొకటి ప్రాక్టీసు. పది మంది పిల్లలు చుట్టూ మూగి గోలీలాడే వీధిలో ఈ లెక్క చెప్పి ఉంటే వీపు విమానం మోత మోగేది.

బావనొక్కడినే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. డాన్ ఏరియలీ అనే ప్రొఫెసరు వేలమంది గోల్ఫర్లను అడిగి, 2012లో పుస్తకంగా అచ్చేసినాడు. ఇబ్బందిగా పడిన బంతిని నాలుగంగుళాలు జరపాలి, మామూలు గోల్ఫరు ఆ పని ఎంతవరకు చేస్తాడు అన్నది ప్రశ్న. కర్రతో నెట్టడమైతే 23 శాతం, బూటుతో తన్నడమైతే 14 శాతం, వంగి చేత్తో తీసి పెట్టడమైతే 10 శాతం అని వాళ్ళే చెప్పినారు. బంతి జరిగేది నాలుగంగుళాలే, పాపం మాత్రం చేతికి దూరంగా ఉండాలి. కర్ర చేసింది, నేను కాదు. ఈ తర్కం మనకు కొత్తా? గట్టు రాయి జరిపింది జేసీబీ, యజమాని కాదు. వంక పూడ్చింది టిప్పరు, బిల్డరు కాదు.

ఇక గిమ్మీ. బంతి గుంత దగ్గరికి వచ్చింది కదా, ఎట్లాగూ పడుతుంది, పడినట్టే అనుకుందాం అని ఎదుటివాడు ఉదారంగా ఇచ్చేయడం. ఇద్దరు ముఖాముఖి పోటీపడే మ్యాచ్ ప్లేలో దీనికి చోటుంది. 1969 రైడర్ కప్‌లో జాక్ నిక్లాస్ అట్లాగే ఎదుటి ఆటగాడు టోనీ జాక్లిన్‌కు గుంత దగ్గరి చివరి దెబ్బ వదిలేసి పేరు తెచ్చుకున్నాడు. దెబ్బలు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో మాత్రం చెల్లదు, బంతి గుంతలో పడి తీరాలి. మన దగ్గర రెండడుగుల గిమ్మీ సమానులకు, ఆరడుగుల గిమ్మీ బిల్లు మీద సంతకం పెట్టే సారుకు. "ఇచ్చేసినాం సార్, తీసుకోండి." అటు తర్వాత పందెంలో ఓడిపోవడం కూడా కాంట్రాక్టరు బాధ్యతే. ఏసీబీ వాళ్ళు నోట్లకు పొడి పూసి, చేతులు ముంచిన నీళ్ళు గులాబీ రంగుకు తిరిగితే పట్టుకుంటారు. ఓడిపోయిన పందానికి ఏ నీళ్ళూ రంగు మారవు.

హ్యాండీక్యాప్ సంగతి మరీ చిత్రం. ఆట సరిగా రానివాడికి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కేస్తారు, గరిష్ఠంగా 54 వరకు. చివరి ఇరవై ఆటల్లో మేలైన ఎనిమిదింటి సగటు తీసి ఈ అంకె తేలుస్తారు. అంటే ట్రోఫీ లేని ఆదివారాల్లో చెట్లకూ చెరువుకూ కొట్టి బీదరికం చాటుకుంటే, ట్రోఫీ ఉన్న ఆదివారం దర్జాగా గెలవచ్చు. మేడమీద మేడ కట్టినవాడి జేబులో తెల్లకార్డు ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది ఈ అంకె.

నన్ను అన్నిటికంటే మండిస్తున్నది ఆ బంగారు రంగు వాక్యం. అంపైరు అక్కర్లేదట. మరి కూలికి?

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ మన నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీ పథకం ప్రారంభించినారు. దేశానికంతటికీ అది ఇక్కడే మొదలైంది. ఆనాటి నుంచి ఈ జిల్లాలో కూలి తవ్విన ప్రతి గుంతకూ లెక్క ఉంది. పొడవెంత, వెడల్పెంత, లోతెంత అని టేపు పట్టి కొలుస్తారు, పుస్తకంలో ఎక్కిస్తారు. లోతు తగ్గితే కూలి తగ్గుతుంది. "గట్టి నేల సామీ, గడ్డపార దిగలేదు" అంటే ఆ గడిలో రాయడానికి చోటు లేదు. తవ్వినామె మాట మీద గుంత లోతు రాసుకున్న రోజు ఇంతవరకు ఒక్కటీ లేదు.

గోల్ఫ్‌లోనూ గుంతే. వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. దానిలోకి బంతి ఎన్ని దెబ్బలకు పోయిందో పెద్దమనిషి తానే చెప్తాడు, పక్కనున్న పెద్దమనిషి రాసుకుంటాడు. పక్కనున్న పెద్దమనిషి గుంత దగ్గర ఇతను రాసుకుంటాడు. టేపు లేదు, ఫోటో లేదు. మాటే ప్రమాణం.

అంతటితో ఆగలేదు. 2019లో గోల్ఫ్ చట్టాలు తిరగరాసినప్పుడు ఒక కరుణామయమైన సూత్రం పెట్టినారు. బంతిని ఎక్కడ పెట్టాలి, అది గీతను ఎక్కడ దాటింది వంటివి ఆటగాడు ఆ పరిస్థితిలో చేతనైనంత సరిగ్గా అంచనా వేసి ఉంటే చాలు, తర్వాత వీడియోలో తప్పని తేలినా ఆ అంచనా చెల్లుతుంది. మనిషి కన్ను కెమెరా కన్ను కాదు కదా అని పెద్ద మనసు చేసుకున్నారు.

ఆ మనసు ఎవరికోసం పనిచేస్తుందో చూడండి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పని జరిగే చోట రోజుకు రెండుసార్లు యాప్‌లో కూలీల ఫోటో ఎక్కించడం తప్పనిసరి చేసినారు. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. గుట్ట చాటున సిగ్నల్ అందక ఫోటో ఎక్కని రోజు, పొద్దున్నుంచి మన్ను మోసిన అవ్వ ఆ రోజు పనికి రానట్టే. సరిగ్గా అదే తేదీన, 2023 జనవరి 1న, గోల్ఫ్ కొత్త నియమాలు అమల్లోకి వచ్చినాయి. స్ట్రోక్ ప్లేలో ఆటగాడు ఇకమీద కార్డు మీద తన హ్యాండీక్యాప్ రాయనక్కర్లేదు, కమిటీ వాళ్ళే చూసుకుంటారని వాటిలో ఒకటి. అయ్యగారికి ఒక అంకె రాసే శ్రమ తప్పించినారు, అవ్వకు రెండు ఫోటోలు అంటగట్టినారు. రెండింటికీ ముహూర్తం ఒకటే.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. వేలిముద్ర అరిగిపోయిన చేతులు రేషన్ షాపు మిషను ముందు మళ్ళీ మళ్ళీ వేలు పెట్టాలి. చెనిక్కాయ వేసిన రైతు ఈ-క్రాప్‌లో పేరెక్కించుకుని, ఫోటో దిగి, ఈకేవైసీ చేయించుకుని, అప్పుడు తన చేను ఎండిందని నమ్మించాలి. ఎండిన చేను కళ్ళముందు నిలబడి ఉన్నా అతని మాట చెల్లదు. బీదవాడు దొంగ అన్నది మన కాగితాలన్నిటికీ తొలి వాక్యం. కాదని రుజువు చేసుకునే పూచీ వాడిదే. కాలరున్న చొక్కా వేసుకున్నవాడు నిజాయితీపరుడన్నది మరో తొలి వాక్యం. దానికి రుజువు అడగడమే మర్యాద తప్పడం. మల్లిగన్, గిమ్మీ, బూటు దెబ్బ, ఇవన్నీ ఆ రెండో వాక్యం పెట్టిన పిల్లలు. చూసేవాడు లేని చోట పెరిగినదాన్ని గుణం అనకండి, వెసులుబాటు అనండి.

నిజానికి అక్కడ చూసేవాడు లేకపోలేదు. కేడీ ఉన్నాడు. బంతి ఎక్కడ పడిందో, ఎవరి ప్యాంటు కాలిలోంచి కొత్త బంతి జారిందో వాడికి తెలుసు. టిప్పు కోసం నోరు మూసుకుంటాడు. బెంగళూరులో అట్లాగే సంచులు మోసిన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచినాడు. ఆయనకు ఎవరూ ఆరడుగుల గిమ్మీ ఇవ్వలేదు. ప్రతి బంతీ గుంతలో పడేదాకా కొట్టాల్సిందే.

గోల్ఫ్ మొదటి నియమం ఏమంటుంది? కోర్సును ఉన్నదున్నట్టుగా, బంతిని పడ్డది పడ్డట్టుగా ఆడమంటుంది. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిలా లోపలే గోల్ఫ్ కోర్సు పరిచినారు. కుతుబ్‌షాహీల కోటలో మట్టి తవ్వుతున్నారని వారసత్వ ప్రేమికులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. లేచిన గడ్డిపెళ్ళను అతికించమనే మర్యాద కోటగోడకు వర్తించదు కాబోలు. మన దగ్గరా ఒక కోర్సు వస్తే ఎంత బాగుండు అని కొందరు నిట్టూరుస్తున్నారు. ఎకరం గడ్డికి ఒక్క మిల్లీమీటరు నీళ్ళు పెట్టాలంటే నాలుగు వేల లీటర్లు. వేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు తాగే గడ్డి యాభై ఎకరాలుంటే రోజుకు పది లక్షల లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే పండగ చేసుకునే నేల ఇది. ఉన్నదున్నట్టుగా ఆడతామంటే రండి, ఎర్రమట్టి ఉంది, గులకరాళ్ళున్నాయి. ఆస్ట్రేలియాలో కూబర్ పెడీ అనే ఎడారి ఊళ్ళో గడ్డిలేని కోర్సు మీద, అరచేతంత గడ్డి ముక్క వెంట తీసుకుపోయి ఆడుతున్నారు. మీ నిజాయితీకి ఆ మాత్రం చాలదా?

ఆట మానమని నేను చెప్పడం లేదు. మీ డబ్బు, మీ ఆదివారం. కానీ నిజాయితీ పతకం మాత్రం మీకు మీరే తగిలించుకోకండి. దానికి మన జిల్లాకు బాగా తెలిసిన పద్ధతి ఒకటుంది. ఉపాధి పనికి సామాజిక తనిఖీ చేస్తారు. ఊరందరినీ కూర్చోబెట్టి ఎవరు ఎన్ని రోజులు పనిచేసినారో, ఎంత తీసుకున్నారో పేరు పేరునా పైకి చదువుతారు. తప్పుంటే అక్కడే లేచి చెప్పవచ్చు. కూలికి పనికొచ్చిన పద్ధతి కాంట్రాక్టరుకు ఎందుకు పనికిరాదు? ప్రతి పోటీ ముగిసినాక కేడీలను ముందు వరుస కుర్చీల్లో కూర్చోబెట్టండి. టిప్పులు ముందే ఇచ్చేయండి. తర్వాత స్కోరు కార్డులు ఒక్కొక్కటే పైకి చదవండి. ఒక్క కేడీ కూడా లేచి నిలబడకపోతే మీరు నిజాయితీపరులే, నేను ఒప్పుకుంటాను. అందాకా మీరు ఆడుతున్నది తొండాట.