డి డ్రైవులో భద్రంగా ఉంది

మా కాలనీలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే కబురొస్తుంది. నేను ఒకసారి చెయ్యి పెట్టిన ఇంటివాళ్లు మళ్లీ పిలవరు. ఒక్క దెబ్బకే బాగైపోతుందన్నమాట. ఈ అనుభవం నాతోనే పోవడం ఎందుకని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు పూజ సంగతి. ఆయుధపూజ నాడు సీపీయూకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టండి. సీపీయూ అంటే లోపలుండే చిప్పు మాత్రమేననీ, ఈ పెట్టెని కేబినెట్ అనాలనీ మా అల్లుడంటాడు. పెళ్లయి ఆరేళ్లయినా మామగారి దగ్గర ఎలా మాట్లాడాలో ఆ అబ్బాయికి తెలియలేదు. కుంకుమ కాస్త గాలి కన్నాల్లోంచి లోపలికి రాలనివ్వండి, ఫ్యానుకీ ప్రసాదం అందాలి కదా. ఆ తర్వాత మళ్లీ దసరా దాకా పెట్టె మూత తీయొద్దు. దుమ్ము పేరుకుని, వేడెక్కి, మధ్యలో దానంతటదే ఆగిపోతే అలిసిపోయిందని అర్థం. కాసేపు పడుకోనివ్వండి.

స్క్రీన్ నల్లగా ఉండి లోపల బీప్‌లు వినిపిస్తుంటే, కరెంటు తీసేసి ర్యాము పీకి, దాని బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించండి. ఇది చాలాసార్లు నిజంగానే పనిచేస్తుంది. పొరపాటున దొర్లింది, పట్టించుకోకండి.

అప్‌డేట్ కావాలా అని అడిగితే ‘తర్వాత’ నొక్కండి. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్‌లో ఒక కన్నం పూడుస్తూ అప్‌డేట్ ఇచ్చారు. మే నెలలో వానాక్రై అనే వైరస్ అదే కన్నంలోంచి దూరి, ఫైళ్లన్నిటికీ తాళాలు వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ ఇస్తేనే తీస్తానని కూర్చుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి. పోలీసులనే లెక్కచెయ్యనిది, మనం అప్‌డేట్ చేసుకున్నామని భయపడుతుందా?

పెన్‌డ్రైవ్ నలుగురిలో తిరగాలి. జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే కంగారు పడొద్దు. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయంతే. బయటికి రప్పించాలంటే ఆ షార్ట్‌కట్ మీద రెండేసిసార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. ఒక కంప్యూటర్లో రాకపోతే పక్కింటి కంప్యూటర్లో పెట్టి నొక్కండి.

పాస్‌వర్డ్ అన్నిటికీ ఒకటే చాలు. గోడ క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కన రాసుకుంటే వెతుక్కునే పని ఉండదు. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని ఫోన్ చేసినవాడు ఓటీపీ అడిగితే, పాపం ఎండలో ఎక్కడ కూర్చుని చేస్తున్నాడో, చెప్పేయండి. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఖాతాల్లో దాన్ని ఆపే వీలుంటుందంటారు. నా మాట వింటే, ముందు మూడు రోజులు ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకండి. పరువన్నది ఒకటుంది కదా.

పాత కంప్యూటర్ అమ్మేముందు క్విక్ ఫార్మాట్ కొట్టండి. అది విషయసూచిక చించేసి, పుస్తకం అలాగే ఉంచుతుంది. కొన్నవాడు అంత ఓపిగ్గా పేజీలు తిప్పుతాడా?

ఇక బ్యాకప్. మూడు కాపీలుండాలట, రెండు రకాల వస్తువుల్లో ఉండాలట, ఒకటైనా ఇంటి బయట ఉండాలట. అల్లుడి లెక్క ఇది. బంగారానిక్కూడా ఇంత అనుమానపడం. నా పద్ధతి సులువు. సీ డ్రైవులో ఉన్న ముఖ్యమైనవన్నీ డి డ్రైవులో ఇంకోసారి పెట్టుకుంటాను. అమ్మాయి పెళ్లి ఫోటోలు, ఇంటి కాగితాలు, మా నాన్నగారు పొలం గురించి మాట్లాడిన పదకొండు నిమిషాల వీడియో, అన్నీ.

పోయిన వేసవిలో హార్డ్‌డిస్క్ టక్, టక్, టక్ మనడం మొదలుపెట్టింది. లోపల నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం మీద, వెంట్రుక కూడా దూరనంత ఎత్తులో, చదివే ముల్లు తేలుతుంటుందట. అది తగిలి గీస్తుంటే ప్రతిసారీ ఇంకొంత చెరిగిపోతుందనీ, ఆన్ చెయ్యకుండా ఉంచమనీ అల్లుడు ఫోన్లో అరిచాడు. సమయానికి సిగ్నల్ సరిగ్గా లేదు. నేను ఆపి వేస్తూ, ఆపి వేస్తూ, మధ్యలో పక్కన రెండు దెబ్బలు వేస్తూ సాయంత్రం దాకా ప్రయత్నించాను. తర్వాత, చల్లబడితే పనిచేస్తుందని ఎవరో చెప్పింది గుర్తొచ్చి, పాలిథిన్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్లో, ఐస్ ట్రేకీ బఠాణీల పొట్లానికీ మధ్య పెట్టాను. పొద్దున్న తీస్తే ఒళ్లంతా చెమట. పంచె కొంగుతో తుడిచి బిగించాను. ఈసారి టక్ టక్ లేదు. జబ్బు తగ్గిందనుకున్నాను. కానీ ఫైళ్లు తెరుచుకోలేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పట్టుకెళ్తే, షాపు కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఎన్నిసార్లు ఆన్ చేశారు సార్?”

“ఎక్కువేం కాదు. ఓ నలభై.”

“బ్యాకప్ ఉందా?”

“ఉంది బాబూ. డి డ్రైవులో.”

ఆ కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సీ అయినా డీ అయినా ఇదే డిస్కు సార్. ఒకే ఇంట్లో రెండు గదులు” అన్నాడు, గొంతు తగ్గించి, ఆస్పత్రిలో చెప్పినట్టు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక్కటే అడిగింది. “మావయ్యగారి మాట కూడా అందులోనేనా?”

డిస్కు ఇప్పుడు బీరువా లాకర్లో నగల పక్కన ఉంది. దొంగల భయం లేదు, వైరస్ భయం అసలే లేదు. మొన్న ఆయుధపూజకి మా ఆవిడే బయటికి తీసి, పసుపు రాసి బొట్టు పెట్టింది. హారతయ్యాక దాన్ని ఒక్క క్షణం చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ లోపల పెట్టి తాళం వేసింది.