ఒక్క పోగు తెగితే బీము కోస్తామా?

భివండి దగ్గరి కాశేలిలో సాంచాల (మరమగ్గాల) పక్కింట్లో కంప్యూటర్‌గా బతకడమంటే రోజూ దూదిపీచు మింగడమే. కిటికీ మూసినా పీచు దూరి నా ఫ్యాను రెక్కలకు చుట్టుకునేది. నెలకోసారి అక్క నా పక్క రేకు విప్పి పెయింటు బ్రష్షుతో దులిపేది. అందుకే 2012 ఎండాకాలంలో నేను రొప్పడం మొదలుపెడితే ఇంట్లో అందరూ పీచే అనుకున్నారు.

నా భాగాలన్నీ ముంబై లామింగ్టన్ రోడ్డులో కొన్నవి. లోపల విండోస్ ఎక్స్‌పీ. ఠాణే దాకా రైల్లో, అక్కణ్ణుంచి ఖాడీ మీది వంతెన దాటి ఆటోలో, బాపు ఒళ్లో కూర్చుని ఈ ఇంటికి వచ్చాను. మావాళ్లు కరీంనగర్ వైపు నుంచి బతుకుదెరువుకు భివండి చేరిన పద్మశాలీలు. బాపుది పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. ఏ వారం ఎన్ని మీటర్లు దిగాయో అక్క నాలో ఎక్కించేది. సేటు పద్దుకూ తన గుర్తుకూ తేడా వస్తే బాపు ఇంటికొచ్చి నన్నే అడిగేవాడు. ఆ లెక్కల పక్కనే, డీ డ్రైవ్‌లో, ‘పెండ్లి’ అనే ఫోల్డరు ఉంది. ఊళ్లో మేనత్త కొడుకు పెళ్లి ఫొటోలు. బాపమ్మ నవ్వుతూ ఉన్నది వాటిలోనే. మరుసటి సంక్రాంతికి ఆమె లేదు. ఆమెకు వేరే ఫొటో కూడా లేదు.

కానీ నా రొప్పుకు కారణం పీచు కాదు, రోగం. అది పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. తమ్ముడు పరీక్ష ఫారానికి ఫొటో ప్రింటు తీయించుకోవడానికి ఓ దుకాణానికి తీసుకెళ్లి, తెచ్చి నాకు పెట్టాడు. సీడీ వేయగానే పాటో ఆటో దానంతటదే మొదలవ్వాలని మా విండోస్‌లో ఆటోరన్ అనే సదుపాయం పెట్టారు. వైరస్ ఆ తలుపులోంచే వచ్చింది. 2011 ఫిబ్రవరిలోనే మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లకు ఆ తలుపు మూసే అప్‌డేట్ పంపింది. ఇంటర్నెట్ లేని నాదాకా అది రాలేదు.

మర్నాడు ‘పెండ్లి’ మూలన చిన్న బాణం గుర్తు కనిపించింది. అక్క నొక్కితే నల్ల కిటికీ ఒకటి మెరిసి మాయమైంది, ఫొటోలు రాలేదు. దాచిన ఫైళ్లు చూపించమని ఎన్నిసార్లు టిక్కు పెట్టినా అది మళ్లీ చెరిగిపోయింది. టాస్క్ మేనేజర్ తెరవబోతే, అడ్మినిస్ట్రేటర్ దాన్ని ఆపేశాడన్నాను. ఆ మాట నాది కాదు, నాచేత అనిపించారు. అక్క ఏడ్చింది. ఫొటోలు నాలోనే ఉన్నాయని చెప్పడానికి నాకు నోరు లేదు.

బాగుచేసే దుకాణంలో నన్ను బల్లమీద పెట్టీ పెట్టకముందే ఒక్కటే మాట: ఫార్మాట్ కొట్టాల్సిందే. ఫార్మాట్ అంటే ఏమిటని బాపు అడిగాడు. మొత్తం తుడిచేయడం అన్నారు. బాపు నన్ను ఎత్తుకుని బయటికొచ్చాడు. దారిలో, పడుగు పోగులన్నీ చుట్టి ఉండే బీమును తలుచుకుని అక్కతో అన్నాడు: “పోగు తెగితే సాంచ ఆపి ముడేస్తం గని, బీము కోసి పారేస్తమా బిడ్డా?”

నన్ను ఎరిగినవాళ్లలో నా గురించి ఇంత సరిగ్గా మాట్లాడినవాళ్లు లేరు.

పక్కింటి అబ్బాయి ఠాణేలో కాలేజీ చదువుతున్నాడు. అతని దగ్గర విండోస్‌కు బదులు వాడే ఉబుంటు అనే సిస్టం సీడీ ఉంది, దాన్ని తయారుచేసే కంపెనీ ఒకప్పుడు అడిగినవాళ్లకు ఉచితంగా పోస్టులో పంపినది. “మామా, దీన్ని నిద్రలోనే ఉంచి చూద్దాం,” అన్నాడు. నా హార్డ్‌డిస్కును లేపకుండా సీడీ నుంచే నన్ను నడిపాడు. వైరస్ నడిస్తేనే వైరస్, నడవకపోతే డిస్కు మీద పడున్న ఫైలు. విండోస్ దాచిన వాటిని ఉబుంటు దాచదు. డీ డ్రైవ్ తెరవగానే బాణం గుర్తు పక్కన అసలు ‘పెండ్లి’ కూడా కనిపించింది. బాపమ్మ తెర మీదికి వచ్చింది. బాపు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు గానీ ఏమీ మాట్లాడలేదు.

ముందు ఫొటోలూ లెక్కలూ మాత్రమే వేరే డిస్కులోకి తీశాడు, ప్రోగ్రాములు ముట్టలేదు. తర్వాత కాలేజీలో రాయించుకొచ్చిన యాంటీవైరస్ సీడీతో స్కానింగ్ పెట్టాడు. సగంలో కరెంటు పోయింది. మళ్లీ మొదటినుంచీ. తెల్లవారేసరికి పట్టుబడ్డవన్నీ తీసేసి, అట్రిబ్ అనే ఆజ్ఞతో ఫోల్డర్ల మీది ముసుగు తొలగించాడు. చివరికి ఆటోరన్ కట్టేశాడు, పెన్‌డ్రైవ్‌నూ కడిగాడు. దుకాణంవాళ్లు సీ డ్రైవ్ ఒక్కటే తుడిచి ఇచ్చినా, డీలో ఆ బాణాన్ని నొక్కిన రోజే రోగం తిరగబెట్టేది.

నాకు పట్టింది దాచే రోగం కాబట్టి బతికాను. 2017 మే 12న లోకం మీద పడ్డ వానాక్రై దాచదు, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ అది సోకింది. అలాంటిదానికి పక్కింటి అబ్బాయి సీడీ చాలదు, వేరే చోట పెట్టిన కాపీ ఒక్కటే దిక్కు. మీ ఇంట్లో నాలాంటిది ఉంటే ఈ ఆదివారమే ఆ కాపీ తీయండి.

మా ఇంట్లో బాపమ్మ ఫొటో పెద్దది చేయించి, సాంచాల అదురుకు కదలకుండా రెండు మేకులతో గోడకు బిగించారు.