ఇంకా నియమితులు కాని స్థలాధికారి గారికి

మహారాజశ్రీ, హైదరాబాదులో కొత్త ఫుట్‌బాల్ స్టేడియానికి జాగా చూడబోయే అధికారిగారి సముఖానికి,

ఈ నగరంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే టికెట్ కొనేవాడూ, లేదంటే ఎందుకు లేదని విసుక్కునేవాడూ అయిన అర్జీదారు వినయంగా విన్నవించుకునేది ఏమనగా:

తమరింకా నియమితులు కాలేదు. ఆ సంగతి అర్జీదారుకు తెలుసు. ఇక్కడ భూముల వ్యవహారాలు ఎలా నడుస్తాయో కూడా కొంచెం తెలుసు. అధికారి వచ్చి కుర్చీలో కూర్చునేసరికే మ్యాపు మీద చుక్క పడి ఉంటుంది. ఆ పైన ప్రజాభిప్రాయ సేకరణ అంటారు, అభ్యంతరాలకు గడువిస్తారు, వచ్చిన అభ్యంతరాలన్నీ పద్ధతిగా ఫైలు చేస్తారు. అందుకని చుక్క పడకముందే ఈ కాగితం.

ఆ చుక్క ఎక్కడ పడుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటి పలికింది. ఆ రేటున పాతికెకరాలంటే రెండున్నర వేల కోట్లు, అదీ ఇటుక పెట్టకముందు. ఆ అంకె చూసిన ఆర్థిక శాఖ ఫైలును మర్యాదగా వెనక్కి పంపుతుంది. ఫైలు మెల్లగా బయటికి జరుగుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, గొర్రెలు మేసే బీడు ఒకటి దొరుకుతుంది. అక్కడ వంద ఎకరాల్లో 'స్పోర్ట్స్ సిటీ' అని రంగుల బొమ్మ గీస్తారు. బొమ్మలో చెట్లుంటాయి, ఫౌంటెన్లుంటాయి, చేతిలో కాఫీ కప్పుతో నడిచే కుటుంబాలుంటాయి. ఆ కుటుంబాలు అక్కడికెలా చేరుకున్నాయో బొమ్మలో ఉండదు.

అయ్యా, ఫుట్‌బాల్‌కు నిజానికి ఎంత నేల కావాలో ఒక్కసారి కొలుద్దాం. అంతర్జాతీయ మ్యాచ్‌కు మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. తహసీల్దారు లెక్కలో చెప్పాలంటే డెబ్భై గుంటలకు ఓ రవ్వ ఎక్కువ. రెండెకరాలు కూడా లేదు. గ్యాలరీలకూ గేట్లకూ మరికొంత వేసుకోండి. అసలు భూమిని మింగేది పార్కింగు. పాతికవేల మంది, కారుకు ముగ్గురు చొప్పున ఊరవతలికి రావాలంటే ఎనిమిది వేల పైచిలుకు కార్లు. దారితో కలిపి కారుకు పాతిక చదరపు మీటర్లు వేసుకున్నా యాభై ఎకరాలు. ఆటకు డెబ్భై గుంటలు, ఆగి ఉన్న కార్లకు యాభై ఎకరాలు. అలాంటప్పుడు శంకుస్థాపన ఫలకం మీద ఫుట్‌బాల్ పేరు రాయడం ఎందుకో అర్జీదారుకు బోధపడదు.

ఇదే లెక్క మెట్రోతో వేస్తే వేరేగా వస్తుంది. మన మూడు బోగీల రైలు దాదాపు వెయ్యిమందిని మోస్తుంది. ఐదు నిమిషాలకొకటి చొప్పున రెండు వైపులకూ నడిస్తే గంటలో 24 వేలమంది ఇళ్లదారి పడతారు. రైళ్లు ఖాళీగా వస్తేనే అనుకోండి. అమీర్‌పేటలో సాయంత్రం ఎక్కినవాళ్లకు ఆ 'ఖాళీ' అనే మాట వింటే నవ్వొస్తుంది. అయినా పార్కింగులోంచి బయటపడడానికి పట్టే సమయంతో పోలిస్తే అది నయమే. క్రికెట్ వాళ్లకిది ముందే అర్థమైంది. ఉప్పల్ మైదానానికి దగ్గర్లో 'స్టేడియం' పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. ఐపీఎల్ రాత్రుల్లో రైళ్ల వేళలు పొడిగిస్తారు.

ఇక గచ్చిబౌలి సంగతి. 'ఉన్న స్టేడియం చాలదా' అని తమరు అడుగుతారు, అడగాలి కూడా. జి.ఎం.సి. బాలయోగి స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టినది. మరుసటేడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు చూసింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అక్కడి క్రీడాగ్రామం టవర్ 'టిమ్స్' ఆసుపత్రి అయింది. 2024లో ఫుట్‌బాల్‌కు మాంచి ఊపొచ్చింది. సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబరులో మలేసియాతో భారత జట్టు మ్యాచ్, డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్, అన్నీ అక్కడే. (సిరియా చేతిలో మూడు గోల్స్ తిన్న మ్యాచ్ కూడా అక్కడిదే. దానికి స్థలదోషం కారణమని ఎవరూ అనలేదు.) కానీ మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. పనిరోజు రాత్రి ఏడున్నరకు ఆట మొదలంటే, ఐటీ కారిడార్ అంతా ఒకేసారి ఇంటికి బయల్దేరే వేళలో, పాతబస్తీ కుర్రాడు ఎదురీదుతూ అక్కడికి చేరాలి. చేరాక ఆటకూ అతనికీ మధ్య పరుగుపందేల ట్రాకు. పెళ్లికి పిలిచి కాంపౌండు గోడ అవతల కూర్చోబెట్టినట్టుంటుంది ఆ దూరం.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ కప్పు గోవాలో ఎత్తారు, ఎందుకంటే కోవిడ్ వల్ల ఆ సీజనంతా అక్కడే ఆడించారు. తమ జట్టు ఛాంపియన్ అయిన సీజన్‌లో హైదరాబాదు సొంతగడ్డ మీద దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. 2025లో క్లబ్బు ఢిల్లీకి మారి పేరు కూడా మార్చుకుంది. అది స్టేడియం దూరం వల్లే జరిగిందని అర్జీదారు అనడు. డబ్బు ఇబ్బందులున్నాయి, యాజమాన్యం మారింది. కానీ జట్టు వెళ్లిపోతుంటే వీధుల్లోకొచ్చి అడ్డుపడే జనం పెద్దగా కనబడలేదన్నది నిజం. మిగిలిన శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో వరుసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. దాని సొంత మైదానం మొయినాబాద్ దగ్గర అజీజ్‌నగర్‌లో ఉంది. మైదానం బాగుంటుంది, సొంత బండి ఉన్నవాడికి.

దూరం అనే జబ్బు మనకొక్కరికే రాలేదు. అమెరికాలో షికాగో ఫైర్ క్లబ్బుకు 2006లో బ్రిడ్జ్‌వ్యూ అనే శివారు ఊళ్లో ఇరవైవేల సీట్ల కొత్త స్టేడియం దొరికింది. చవకగా స్థలం, ఫుట్‌బాల్ కోసమే కట్టిన గ్యాలరీలు, చుట్టూ కావలసినంత పార్కింగు. జనం రాలేదు. 2019లో క్లబ్బు ఆ ఊరికి ఆరున్నర కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకుని లీజు నుంచి బయటపడి, నగరం నడిబొడ్డున బ్రిడ్జ్‌వ్యూ స్టేడియానికి మూడింతల పెద్దదైన సోల్జర్ ఫీల్డ్‌కు తిరిగొచ్చింది. డౌన్‌టౌన్ పక్కనే 'ది సెవెంటీ ఎయిట్' అనే చోట 22 వేల సీట్లతో సొంత స్టేడియం కడతామని 2025లో ప్రకటించింది. షికాగోకు అధికారికంగా 77 పేటలున్నాయి, ఇది 78వది అవుతుందని ఆ పేరు. చవక స్థలం ఖరీదు ఎంతో తెలుసుకోవడానికి వాళ్లకు పదమూడేళ్లు పట్టింది.

ట్యూరిన్‌లో జబ్బు వేరు. 1990 ప్రపంచకప్ కోసం కట్టిన డెల్లె ఆల్పి దాదాపు 69 వేలమంది పట్టే భవనం. ఆటకూ జనానికీ మధ్య ట్రాకు. యువెంటస్ అంతటి జట్టు ఆడుతుంటే ఒక ఇటాలియన్ కప్ మ్యాచ్‌కు 237 మంది వచ్చారు. అచ్చుతప్పు కాదు, రెండొందల ముప్ఫై ఏడు. చివరకు దాన్ని కూల్చి, అదే నేల మీద 41 వేల సీట్లతో, మొదటి వరస గడ్డికి ఏడున్నర మీటర్లలో ఉండేలా 2011లో కొత్తది కట్టుకున్నారు.

తమరికి అనుకూలమైన ఉదాహరణ కూడా ఒకటి ఉంది, దాచడం న్యాయం కాదు. మ్యూనిక్‌లో అలియాంజ్ అరీనా నగరం అంచునే ఉంది. నిండుతుంది కూడా. అయితే అక్కడి మెట్రో యూ6 లైను ముందే స్టేడియం దగ్గరి ఫ్రోట్‌మానింగ్ దాకా ఉంది. 2001 అక్టోబరులో నగరవాసుల చేత ఓటు వేయించారు, మూడింట రెండొంతులకు దగ్గరగా అవునన్నారు, 2005లో తెరిచారు. కాబట్టి ఔటర్ దగ్గరే కట్టాలని తమరు పట్టుబడితే ముందు రైలు వేసి, ఓటు పెట్టి, తర్వాత పునాది తవ్వండి. ఈ క్రమం తలకిందులు చేయకపోతే అర్జీదారుకు ఏ అభ్యంతరమూ లేదు.

నగరంలోనే చూద్దామంటే కొన్ని చోట్లకు దయచేసి కారు దిగవద్దు. చెరువు శిఖంలో చదునైన జాగా ముచ్చటగానే కనిపిస్తుంది. పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు దాటి కట్టిన గోడల దగ్గరికి 2024లో ఆక్రమణలు కూల్చే 'హైడ్రా' బుల్డోజర్లు ఎలా వెళ్లాయో తమరు టీవీలో చూసే ఉంటారు. స్టేడియం దగ్గరికి అవి వస్తే గోల్‌పోస్టులు అడ్డం పెట్టలేం. కంచ గచ్చిబౌలి నాలుగొందల ఎకరాల మీద 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏమందో ఫైలులో చూసుకోండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎగువన 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. మూసీ ఒడ్డు అంటారా, 2025 సెప్టెంబరు చివర్లో మూసీ ఎంజీబీఎస్ బస్టాండు లోపలికి వచ్చి వెళ్లింది.

మరి ఎక్కడ? అర్జీదారు మనసులో ఉన్న చోటు తమ ఆఫీసు నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే ఉండొచ్చు. బషీర్‌బాగ్, ఫతే మైదాన్. ఇప్పటి పేరు లాల్‌బహదూర్ స్టేడియం.

1687లో గోల్కొండను ముట్టడించిన మొగలు సైన్యం దిగిన మైదానమట అది, గెలిచాక ఫతే అన్నారు. నిజాముల కాలంలో పోలో ఆడారు. 1955లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు కొట్టి, టెస్టుల్లో భారత్‌కు తొలి డబుల్ సెంచరీ ఇచ్చింది అక్కడే. క్రికెట్ ఉప్పల్‌కు వెళ్లిపోయింది, ఆ మైదానానికి దక్కిన పెద్ద రద్దీ రోజులు రాజకీయాలవి. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2023లో రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది అక్కడే. ఆ రోజుల్లో అంత జనం వచ్చి, అంత జనం ఇళ్లకు వెళ్లగలిగారంటే ఆ జాగాకు జనాన్ని మోసే శక్తి ఉన్నట్టేగా? అనుమానముంటే జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లి నిలబడండి. 1938లో మొదలై దాదాపు ఏటా జరుగుతున్న ప్రయోగమది. అసెంబ్లీ, నాంపల్లి మెట్రో స్టేషన్లు నడక దూరం. నాంపల్లి రైల్వే స్టేషన్ ఉంది. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. అది చాంద్రాయణగుట్ట చేరితే, పక్కనే ఉన్న బార్కస్ కుర్రాళ్లు ఎంజీబీఎస్‌లో రైలు మారి ఆటకు రాగలరు. ఈ నగరంలో ఫుట్‌బాల్‌ను వదలకుండా ఆడుతున్న పేటల్లో బార్కస్ ఒకటని తమరికి చెప్పక్కర్లేదనుకుంటాడు అర్జీదారు. చెప్పాల్సి వస్తే తమ నియామకం మీదే ఇంకో లేఖ రాయాలి.

భూమి ప్రభుత్వానిదే కాబట్టి వేలం రేటు బాధ లేదు. పాత గుండ్రటి గిన్నె తీసేసి ఇరవై, ఇరవైరెండు వేల సీట్లతో, ట్రాకు లేకుండా, నాలుగు వైపులా గ్యాలరీలు గడ్డికి దగ్గరగా లేపితే చాలు. అరవై వేలు అడిగేవాళ్లు వస్తారు. వాళ్లకు ట్యూరిన్ 237 చూపించండి. వాస్తు సిద్ధాంతి గురించి బెంగపడకండి. సాయంత్రపు ఎండ గోల్‌కీపర్ కళ్లలో పడకుండా మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉండాలన్నది ఫుట్‌బాల్ వాళ్ల సలహా కూడా. ఇద్దరికీ ఇంత తేలిగ్గా కుదరడం అరుదు.

అభ్యంతరాలుంటాయి. అథ్లెట్లు ఎక్కడికి పోవాలంటే, గచ్చిబౌలి ట్రాకు ఉండనే ఉంది, అక్కడ ఆ ట్రాకు ఎవరికీ అడ్డం కాదు. గ్యాలరీల కింద దుకాణాలు నడుపుకొనేవాళ్లకు కొత్త కట్టడంలో చోటు రాసివ్వాలి, మాటగా కాదు, కాగితం మీద. బషీర్‌బాగ్ ట్రాఫిక్ నిజంగానే నరకం, మ్యాచ్ రోజు కార్లు రానివ్వకపోతే కొంచెం తగ్గుతుంది. అసలైన అభ్యంతరం మాత్రం ఎవరూ రాసి పంపరు. సభలు ఎక్కడ పెట్టుకోవాలి అన్నది అది. పరేడ్ గ్రౌండ్స్ ఉన్నాయని అర్జీదారు సవినయంగా గుర్తుచేస్తాడు.

ఖాళీ మైదానం ఈ నగరంలో ఎప్పుడూ ఎవరికో ఒకరికి అవసరమవుతూనే ఉంటుంది. గోషామహల్ పోలీస్ స్టేడియంలో 2025 జనవరి 31న కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి వద్దనడానికి ఎవరికి నోరు వస్తుంది? కానీ ఈ ఊరి ఫుట్‌బాల్ పేరు దేశమంతా మోగించింది పోలీసులే. బడి పంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చింది. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగోదిగా నిలిచింది. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టులో గోల్‌కీపర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నారు. రహీం ఆ మరుసటేడు పోయారు. ఆయన మీద బొంబాయివాళ్లు తీసిన సినిమా 2024లో వచ్చింది. ఆయన పేరున ఒక పెద్ద స్టేడియం మాత్రం ఈ ఊళ్లో ఎవరూ కట్టలేదు.

కాబట్టి ప్రార్థించేది: చార్జి తీసుకున్న వారంలోపు, పనిరోజు సాయంత్రం, సైరన్ లేకుండా, ప్రభుత్వ వాహనం లేకుండా తమరు స్థల పరిశీలనకు బయల్దేరాలి. బార్కస్‌లో ఐదున్నరకు మొదలుపెట్టి ఒకరోజు గచ్చిబౌలికీ, మర్నాడు బషీర్‌బాగ్‌కూ, ఆ మర్నాడు తమ మ్యాపులో చుక్క పడిన చోటుకూ చేరాలి. పట్టిన సమయం, అయిన ఖర్చు, తిరిగి రావడానికి ఎన్నింటికి ఏ బస్సు దొరికిందో తమ చేతిరాతతో రాసి ఫైలులో పెట్టాలి. మూడో రోజు తిరుగు బస్సు దొరక్కపోతే ఆ గడిలో 'లేదు' అని రాయండి చాలు. కారణాలు అక్కర్లేదు.

ఇట్లు,
తూర్పు గ్యాలరీ, చవక టికెట్టు అర్జీదారు

నకళ్లు: ఆర్థిక శాఖకు, మెట్రో రైలు వారికి, వాస్తు సిద్ధాంతిగారికి.