రూము సర్పంచ్

గల్ఫ్‌లో మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు నలుగురు కలిసి గది తీసుకున్నారంటే అందులో ఒక బియ్యం బస్తా, ఒక మామిడికాయ తొక్కు సీసా, ఒక సర్పంచ్ ఉండి తీరతారు. బస్తా ఖాళీ అవుతుంది, సీసా అడుగంటుతుంది. సర్పంచ్ మాత్రం అయిపోడు. ఆయన్ను ఎవరూ ఎన్నుకోలేదు, ఆయన నామినేషనూ వేయలేదు. గదిలోకి అందరికంటే ముందొచ్చాడు, అందరికంటే గట్టిగా మాట్లాడతాడు. ఇంతకు మించిన అర్హతలు పదవులకు మనం ఎప్పుడు అడిగాం గనక!

నేను చెప్పే నమూనా కల్బాలో దొరుకుతుంది. షార్జా ఎమిరేటులోదే అయినా షార్జాకు దూరంగా, కొండల అవతల, ఫుజైరాను ఆనుకుని, ఒమన్ సరిహద్దుకు దగ్గర్లో సముద్రపుటొడ్డున విడిగా పడి ఉండే ఊరది. దుబాయి పెద్దమనుషులకు అసోసియేషన్లు, స్టేజీలు, శాలువాలు ఉంటాయి. కల్బా సర్పంచ్‌కు ఇవేవీ అందవు. అందుకని పాపం పని చేయక తప్పదు.

వృత్తికి సైటు ఫోర్‌మన్. గదిలో లుంగీ, మీసానికి నల్లరంగు, దిండు కింద ఏసీ రిమోట్. ఎనిమిది మంచాల గదిలో ఆ రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ప్రభుత్వం వాళ్లది. కొత్తగా దిగిన కుర్రాడెవరైనా ఇదెక్కడి అధికారం అన్నట్టు చూస్తే వాణ్ని కూర్చోబెట్టి చరిత్ర మొదలుపెడతాడు. "తమ్మీ, నువ్వు దిగింది అడ్డమైన ఊరు కాదు. రాజ్యం!"

ఇవి కోతలు కావు. 1936లో బ్రిటిష్ వాళ్లు కల్బాను విడి రాజ్యంగా గుర్తించారు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు అవసరమైతే దిగడానికి ఇక్కడ చోటు కావలసొచ్చింది, అంతే. మరుసటేడే పాలకుడు సయీద్ బిన్ హమద్ కన్నుమూశాడు. కొడుకు చిన్నపిల్లాడు. కూతురు ఆయిషా అజ్మాన్ నుంచి వచ్చి ఊరిని కాపు కాసింది. పెద్దలంతా కూర్చుని బరూత్ అనే బానిసను రాజప్రతినిధిగా ఎంచుకున్నారు. ఆ ఎంపిక బ్రిటిష్ దొరలకు మింగుడు పడలేదు, వేరే ఆయన వచ్చాడు. చివరికి 1952 నాటికి రాజ్యమే మళ్లీ షార్జాలో కలిసిపోయింది. బరూత్ దగ్గరికొచ్చేసరికి సర్పంచ్ గొంతు గంభీరమవుతుంది. వీసా మీద లేబర్ అని రాయించుకుని దిగిన తనకు ఆయన స్వయానా మేనమామ అన్నట్టు చెబుతాడు.

ఒకసారి కంపెనీ వాళ్లు ఫోర్‌మన్లందరికీ నాయకత్వ శిక్షణ పెట్టించారు. నాయకుడు ఎదుటివాళ్ల గురించి ఆసక్తిగా అడిగి తెలుసుకోవాలని కోటు వేసుకున్న శిక్షకుడు చెప్పాడట. మన సర్పంచ్ వెంటనే చెయ్యెత్తి, "సార్, మీ జీతమెంత?" అని అడిగాడు. సర్టిఫికెట్ ఇచ్చి తొందరగా పంపేశారు. అది ఇప్పుడు ఉల్లిగడ్డల బుట్ట పైన గోడకు అంటించి ఉంది.

నన్నడిగితే ఆ తరగతిలో సారాంశం పట్టినవాడు ఆయనొక్కడే. ఆయనలో విశాలహృదయమని జనం మెచ్చుకునేదంతా నిజానికి ఆరా. పక్కవాడి సంగతి తెలియకపోతే ఆయనకు అన్నం సయించదు. ఖాళీ మంచానికి బంగ్లాదేశ్ మనిషి వస్తానన్నప్పుడు గదంతా "మనోడే కావాలె" అని పట్టుబట్టింది. సర్పంచ్ ఒక్కడే అతన్ని లోపలికి పిలిచి, పెట్టె దించకముందే ఏజెంటుకు కట్టిన సొమ్మెంత, మిత్తి ఎంత, బిడ్డలెందరు, చేపల పులుసులో ఆవాలు ఎన్ని వేస్తారు, అన్నీ లాగేశాడు. అన్ని సంగతులు తెలిశాక ఇక వెళ్లగొట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ రాత్రి రిమోట్ తీసి అతని చేతిలో పెట్టాడు. "కొత్తోనికి ఉక్క ఎక్కువుంటది, ఇయ్యాల ఆనిదే రాజ్యం." అతను మొహమాటం లేకుండా పద్దెనిమిదిలో పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి గదిలో నలుగురికి జలుబు.

మెస్సు లెక్కల పుస్తకం ఫ్రిజ్‌కు దారంతో వేలాడుతుంటుంది, ఎవరైనా చూడొచ్చు. ఒక నెల అందరికంటే చిన్నవాడు సర్పంచ్ లెక్కలోనే నలభై దిర్హాములు తేడా పట్టుకున్నాడు. సర్పంచ్ అరిచాడు, మళ్లీ కూడాడు, మీసం దువ్వాడు, ఆ వారమంతా అంట్లు తోమాడు. ఆ వైభవం చూడటానికి పక్కగదులవాళ్లు చాయ్ గ్లాసులతో సహా వచ్చారు.

2022 జూలై వానలకు ఫుజైరా, కల్బా వీధులు వాగులయ్యాయి, జనాన్ని తరలించడానికి సైన్యం దిగింది. ఆ రాత్రి కింది అంతస్తు పఠాన్లు పరుపులు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కితే సర్పంచ్ గుమ్మంలో చేతులు చాపి ఆపాడు. "ఖాన్ సాబ్, అంతా లోపలికి రండి. చెప్పులు మాత్రం బయట!" వాళ్లు బుద్ధిగా మెట్ల మీద విడిచారు. తెల్లారి చూస్తే ఒక్క జత లేదు, అన్నీ నీళ్లపాలు. ఆరు జతల చెప్పుల ఖరీదు మెస్సు పుస్తకంలో ఆయన పేరు కిందే, ఆయన చేతిరాతతోనే ఉంది.

ఆయన్ను చూడాలంటే మాత్రం దసరా రోజే చూడాలి. ఎడారిలో ఘాఫ్ అని పిలిచే చెట్టు మన జమ్మిచెట్టే. ఎమిరేట్స్ 2019ని సహిష్ణుతా సంవత్సరంగా ప్రకటించి, ఆ చెట్టు బొమ్మనే గుర్తుగా పెట్టుకుంది కూడా. కొమ్మ విరిస్తే బల్దియా వాళ్లు పట్టుకుంటారని సర్పంచ్‌కు భయం. అందుకని ఎనిమిది మందినీ చెట్టు కింద వంగోబెట్టి రాలిన ఆకు ఏరిస్తాడు. దారిన పోయేవాళ్లకు ఎవరిదో ఉంగరం పోయినట్టు కనిపిస్తుంది. ఆ ఎండాకు "బంగారం" అని మలయాళీ కెఫెటేరియా చేట్టా చేతిలో, నేపాలీ వాచ్‌మన్ చేతిలో పెట్టి అలయ్ బలయ్ ఇస్తాడు. ఖాన్ సాబ్ తన అలవాటు ప్రకారం ఎముకలు కదిలేలా కౌగిలిస్తాడు.

తర్వాత పాలపిట్ట. అది కల్బా కరెంటు తీగల మీదా కనిపిస్తుంది. దాని కోసం అందరినీ పికప్ వెనక ఎక్కిస్తాడు. ఒక దసరాకు ఖాన్ సాబ్ ఉండబట్టలేక అడిగాడు, ఈ పిట్టను చూస్తే ఏమొస్తుందని.

"అదృష్టం."

"ఇన్నేళ్లుగా చూస్తున్నావు కదా, మరి వచ్చిందా?"

"సూడకుంటే ఇంకెంత అన్నాలంగుండునో!"

2019 జనవరిలో ఊళ్లో నిజం సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. వచ్చి నిలబడతానని ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. గదంతా వినాలని స్పీకర్ పెట్టాడు. భార్య నిదానంగా విని, "ముందుగాల గీ సంగతి చెప్పుండ్రి. ఆడ మీ మాట ఎవరన్న ఇంటున్నరా?" అంది.

కింది అంతస్తు నుంచి వచ్చి కూర్చున్న ఖాన్ సాబ్‌కు తెలంగాణ తెలుగు సగం వచ్చు, ఆయనే జవాబిచ్చాడు. "సబ్ ఇంటం, భాభీ!" సర్పంచ్ మీసం లేచింది. "ఇంటం, గానీ చెయ్యం."

"మా ఇంట్ల గూడ గంతే అన్నా" అందావిడ.