ఫిలిపినో ఇంట్లో తినకుండా బయటపడటం ఎలా?

ఫిలిపినో కుటుంబం భోజనానికి పిలిస్తే వెళ్ళి, పిలిచినవాళ్ళ మనసు నొప్పించకుండా, పొట్ట బరువు పెంచుకోకుండా తిరిగిరావాలనుకునే అతిథుల కోసం సేకరించిన ఉపాయాలివి. అన్నీ జనం వాడి చూసినవే. ఫలించినది మాత్రం ఇంతవరకూ ఒక్కటీ లేదు. అయినా ప్రయత్నలోపం ఉండకూడదు కదా.

ఈ విద్యలో ఓడిపోయిన తొలి విదేశీయుడి పేరు చరిత్రలోనే ఉంది. 1521లో మెజెల్లన్ ఓడల మీద ఈ దీవులకు చేరిన ఇటలీవాడు ఆంటోనియో పిగఫెట్టా. యాత్ర విశేషాలన్నీ రాసిపెట్టినవాడు ఇతనే. లిమసావా దీవిలో రాజు కొలంబు అతన్ని కూర్చోబెట్టుకుని పంది మాంసం, పెద్ద కూజా నిండా మద్యం తెప్పించాడు. ముద్ద ముద్దకూ ఒక గుక్క. ఆ రోజు గుడ్ ఫ్రైడే. నిష్ఠగల క్రైస్తవుడు మాంసం ముట్టకూడని రోజు. పిగఫెట్టా తిన్నాడు. తప్పించుకునే దారి లేకపోయిందని తన రాతల్లో తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఐదు వందల ఏళ్ళు గడిచినా అతిథికి కొత్త దారులేమీ తెరుచుకోలేదు.

ఉపాయం 1: గుమ్మంలోనే వద్దనడం

అతిథి లోపలికి రాగానే ముందు ఇంట్లో పెద్దావిడ చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకోవాలి. "మానో పో" అనే ఈ నమస్కారం పూర్తయ్యీ కాకముందే "కుమాయిన్ కా నా బా?" అని ప్రశ్న వస్తుంది. తిన్నావా అని. తినలేదంటే కంచం వస్తుంది. తిన్నానంటే, అయితే కొంచెమే తిను అంటూ అదే కంచం వస్తుంది. "బుసోగ్ నా పో ఆకో", అంటే కడుపు నిండిందండీ అని ఎంత వినయంగా చెప్పినా దాన్ని జవాబుగా ఎవరూ లెక్కపెట్టరు. బేరంలో అది మొదటి మాట. అంతే.

వద్దంటే చెల్లుబాటయ్యే చోటు ఒకటుంది. అది వీధి. రోడ్డు పక్కన ట్రైసికిల్ ఆపుకుని అన్నం తింటున్న డ్రైవరు, దారినపోయే తెలిసిన మనిషిని చూసి "కాయిన్ తాయో" అంటాడు. రండి తిందాం అని. నవ్వి, థ్యాంక్స్ చెప్పి ముందుకు నడిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఈ మర్యాదకు గడువు గడప దాకానే. చెప్పులు విప్పిన తర్వాత అది వర్తించదు.

ఉపాయం 2: భోజనవేళ కాని వేళ వెళ్ళడం

మధ్యాహ్నం భోజనాలు అయిపోయి, రాత్రి వంట మొదలుకాని వేళ చూసుకుని వెళ్తే గండం గట్టెక్కుతుందని కొందరి అంచనా. స్పానిష్‌వాళ్ళు మూడు శతాబ్దాలకు పైగా ఏలి వెళ్తూ "మెరియెండా" అనే అలవాటును వదిలిపెట్టి వెళ్ళారు. పొద్దున పది ప్రాంతాన ఒకటి, సాయంత్రం మూడు, నాలుగు మధ్య మరొకటి. చిరుతిండి అంటారు గానీ అందులో నూడుల్స్ ఉంటాయి, పల్చటి రేకులో అరటిపండు చుట్టి చక్కెరతో వేయించిన తురోన్ ఉంటుంది, బియ్యప్పిండి రొట్టెలుంటాయి. పొద్దున్నే వెళ్దామా అంటే, రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లితో వేయించి, గుడ్డు, మాంసం పక్కన పెట్టి ఇచ్చేదే అక్కడి టిఫిను. రెండు భోజనాల మధ్య ఖాళీ కోసం వెతికే అతిథి గడియారాన్ని పూర్తిగా ఒకసారి చుట్టి, మొదలుపెట్టిన చోటికే చేరతాడు.

ఉపాయం 3: శాకాహారినని ప్రకటించడం

ఇది తెలుగువాళ్ళకు బాగా అచ్చొస్తుందనిపించే ఉపాయం. దవావో నగరంలో వైద్యం చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఇంట్లో గుడ్డు కూడా ముట్టని పిల్లవాడు స్నేహితుడి ఇంటికి వెళ్ళి "నేను మాంసం తినను" అంటాడు. ఆ తల్లి ఏమాత్రం తడబడకుండా "అయితే చికెన్ ఉంది" అంటుంది. అదీ కాదంటే చేపలున్నాయి. అవీ కాదంటే ఆవిడకు నిజంగా దిగులు పట్టుకుంటుంది. ఈ పిల్లవాడు ఇంతకాలం ఎలా బతికాడో పాపం అని.

ఆ దిగులులోంచి కూరగాయలు వస్తాయి. శుక్రవారమైతే పెసల కూర దొరుకుతుంది. శుక్రవారం మాంసం మానెయ్యాలన్న కాథలిక్కుల నియమం వల్ల పాతుకుపోయిన వంట అది. తీరా చూస్తే దాని మీద కరకరలాడే పంది చర్మం ముక్కలు చల్లి ఉంటాయి. బికోల్ ప్రాంతపు లాయింగ్ అంటే చేమాకును కొబ్బరిపాలలో మిరపకాయలతో ఉడికించడం. అందులో ఎండు చేపో, ఎండు రొయ్యో నలిగి ఉంటుంది. వంకాయ, కాకరకాయ, బెండకాయ కలిపి వండే పినక్బెత్ చూడగానే ప్రాణం లేచొస్తుంది. దాని ఉప్పదనమంతా బగూంగ్‌ది, అంటే చేపలనో రొయ్యపొట్టునో ఉప్పులో ఊరేసిన ముద్దది. వండినావిడ దృష్టిలో ఇవన్నీ కూరగాయలే. రొయ్యను ఆవిడ ఉప్పు పద్దులో రాసుకుంటుంది.

ఉపాయం 4: చెంచా రాదనడం

బల్ల మీద స్పూను, ఫోర్కు ఉంటాయి. కుడిచేతి స్పూను అన్నం ఎత్తడానికి, దాని అంచు మాంసం కొయ్యడానికి. ఎడమచేతి ఫోర్కు పని కూరనూ అన్నాన్నీ స్పూనులోకి తోయడమే. చాకు అక్కర్లేదు. ఈ జంట పరికరాలతో అన్నం ఎంత వేగంగా లోపలికి వెళ్తుందో చూసి బెదిరిన అతిథి, "మాకు చేత్తో తినడమే అలవాటు" అని మెల్లగా అంటాడు.

ఆ మాటతో ఇల్లంతా పండుగవుతుంది. "కమాయన్!" అని కేకలు. కమాయన్ అంటే చేత్తో తినడమే. బల్ల మీద సామాను తీసేసి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా అరిటాకులు పరుస్తారు. మధ్యలో అన్నం గట్టులా పోసి, దాని మీద వేయించిన చేపలు, కాల్చిన మాంసం, వంకాయలు, ఉప్పు గుడ్లు, మామిడి ముక్కలు సర్దుతారు. సైన్యంలో అధికారులు, జవాన్లు హోదాలు పక్కనపెట్టి భుజం భుజం తగిలేలా నిలబడి తినే "బూడుల్ ఫైట్" కూడా ఇలాగే ఉంటుంది. మన పెళ్ళి బంతిలో ఆకు మడిస్తే చాలు, వడ్డించేవాడు ముందుకు సాగిపోతాడు. ఇక్కడ పదిమందికీ కలిపి ఒకటే ఆకు. మడిచే వీల్లేదు. ఎవరి వాటా ఎంతో గీత ఉండదు కాబట్టి తక్కువ తిని తప్పించుకోవచ్చని అతిథి లోలోపల సంబరపడతాడు. ఇద్దరు పిన్నులు చెరోవైపు నుంచీ అన్నపు గట్టును అతని వైపు జరుపుతూనే ఉంటారు.

ఉపాయం 5: వంటకు వంకపెట్టడం

ఉప్పు తగ్గిందనో, పులుపు చాల్లేదనో అంటే వడ్డన ఆగుతుందేమో అన్నది కొంచెం మొరటు ఆశ. ఆ మాటకు ఎవరూ నొచ్చుకోరు. చిన్న గిన్నెలు ఒక్కొక్కటే అతిథి ముందుకు జరుగుతాయి. ఒకదాంట్లో వెనిగర్, అందులో చితక్కొట్టిన వెల్లుల్లి, గోరంత పొడవున్న ఎర్ర మిరపకాయలు. ఇంకొకదాంట్లో సోయా సాస్, పక్కనే నిమ్మకాయకు చిన్న చెల్లెలి లాంటి కలమన్సి కాయలు సగానికి కోసి. మరొకదాంట్లో పాతిస్, అంటే చేపలు ఊరగా దిగిన ఉప్పునీరు. వీటిని "సావ్‌సావన్" అంటారు. ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్ళు కలుపుకుని ముంచుకోవాలి. ఫిలిపినో భోజనం గురించి జీవితమంతా రాసిన డోరీన్ ఫెర్నాండెజ్ (1934–2002) ఈ గిన్నెల మీద చాలా శ్రద్ధ పెట్టారు. రుచిని చివరికి తీర్చిదిద్దే పనిని తినేవాడి చేతికే వదిలేసే భోజనం ఇది అన్నది ఆమె పరిశీలన. అంటే వంకపెట్టిన అతిథిని వంటలోకి కూడా దింపేశారన్నమాట. తను కలుపుకున్నది తనే తినకపోతే ఎలా?

ఉపాయం 6: అలగడం

దీనికి ఆదర్శపురుషుడు ఫాదర్ దమాసో. హోసే రిసాల్ 1887లో అచ్చువేయించిన "నోలి మే తాంగెరే" నవల మనీలాలో కాపితాన్ తియాగో ఇంటి విందుతో మొదలవుతుంది. కోడి ముక్కలు, సొరజాతి కాయ వేసి కాచిన తినోలా పులుసు వడ్డిస్తే, అందులోని మంచి ముక్కలు యూరప్ నుంచి తిరిగొచ్చిన ఇబర్రాకు వెళ్ళాయి. దమాసో పళ్ళెంలో పడినవి మెడ, గట్టి రెక్క. ఫాదర్‌గారు కోపంతో ముక్కలు చిదిపి, స్పూను గిరాటేసి, పళ్ళెం ముందుకు తోసేశాడు. నిజంగా తినకుండా బయటపడినవాడు ఇతనొక్కడే. కాకపోతే రిసాల్ రచనలు బడుల్లో, కాలేజీల్లో తప్పక చదవాలని 1956లో చట్టం వచ్చింది. దాంతో ఆ కోడి మెడ సంగతి దేశంలో ప్రతి తరం విద్యార్థికీ తెలుసు. అలిగే అతిథి ఆ కీర్తికి సిద్ధపడాలి.

ఉపాయం 7: ముక్కూమొహం తెలియని ఊరికి పోవడం

తెలిసినవాళ్ళుంటేనే కదా బలవంతం అనుకుని మే 15న క్వెజోన్ రాష్ట్రంలోని లుక్బాన్‌కు వెళ్ళేవాళ్ళుంటారు. ఆ రోజు అక్కడ రైతుల పాలక పునీతుడు సాన్ ఇసిద్రో పేర పహియాస్ పండుగ. ఇళ్ళ ముందు భాగమంతా కూరగాయలు, వరికంకులు, ఇంకా కిపింగ్ తోరణాలు. బియ్యప్పిండి జావను నిజం ఆకుల మీద పోసి, ఆవిరిపట్టి, ఆరబెట్టి, ఆకు ఈనెల అచ్చుతో సహా ఊడదీసిన రంగురంగుల అప్పడాలే కిపింగ్. అలంకరణ చూస్తూ ఒక ఇంటి ముందు ఒక్క క్షణం ఎక్కువ నిలబడితే చాలు, లోపలినుంచి పిలుపు వస్తుంది. పిలిచేవాళ్ళు పేరు అడగడం వడ్డన తర్వాతే. వీధిలోకి పారిపోతే అక్కడ అరిటాకు ముక్కలో పన్సిట్ హబ్‌హబ్ చేతికందుతుంది. ఆ నూడుల్స్‌కు స్పూను ఇవ్వరు, ఆకును నోటి దగ్గర పెట్టుకుని నేరుగా లాగించాల్సిందే.

పుట్టినరోజు ఇళ్ళకైతే అసలు వెళ్ళకపోవడం మేలు. అక్కడి పన్సిట్ పోగులు ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత పొడుగని నమ్మకం. దాన్ని వద్దన్నవాడు ఎవరి ఆయుష్షును వద్దంటున్నాడో బల్ల దగ్గర అందరికీ అర్థమవుతుంది.

ఉపాయం 8: ఖర్చు గుర్తుచేయడం

ఇన్ని వంటలెందుకు, ధరలు మండిపోతున్నాయి కదా అనడం పెద్దమనిషి తరహా ఉపాయం. ధరలు మండుతున్న మాట నిజమే. 2023 జనవరిలో కిలో ఉల్లిపాయలు 600 పెసోలు దాటి, మాంసాన్ని మించిపోయాయి. విదేశాల నుంచి దిగిన విమాన సిబ్బంది సంచుల్లో ఉల్లిపాయలు కస్టమ్స్‌కు పట్టుబడిన వార్త ఆ రోజుల్లోదే. ఇటీవలి ఏళ్ళలో ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ బియ్యం దిగుమతి చేసుకున్న దేశం కూడా ఇదే. అయినా హోటల్లో ఎంత తింటే అంత అన్నం పెట్టే "అన్లీ రైస్" ఆరోగ్యానికి చేటని 2017లో ఒక సెనేటరు అనేసరికి దేశమంతా గగ్గోలు పుట్టి, నిషేధించే ఆలోచన ఏదీ లేదని ఆమె సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది.

ఊరి పండుగకు అప్పుచేసి పందిని కాల్పించే ఇళ్ళున్నాయి. క్రిస్మస్ అర్ధరాత్రి విందు కోసం దుబాయ్‌లోనో, హాంకాంగ్‌లోనో పనిచేసే కూతురు పంపే డబ్బు మీద ఆధారపడే ఇళ్ళున్నాయి. విదేశాల్లో పనిచేసే ఫిలిపినోలు 20 లక్షలకు పైమాటే. ఆ కూతురు రాలేకపోయిన విందులో ఆమె డబ్బుతో కొన్న హామ్ ముక్కను అతిథి కంచంలో వేసి, "మా అమ్మాయి పంపింది" అని తల్లి అంటుంది. ఖర్చు గురించిన ఉపన్యాసం అతిథి గొంతులోనే ఉండిపోతుంది. హామ్ లోపలికి పోతుంది.

ఉపాయం 9: ముందుగా లేచి వెళ్ళడం

ఇతరులు తింటుండగానే పని ఉందని లేస్తే అభ్యంతరం చెప్పరు. ప్రయాణం క్షేమంగా సాగాలని, బల్ల దగ్గర మిగిలినవాళ్ళంతా తమ కంచాలను ఒక్క చుట్టు తిప్పుతారు. అతిథి గెలిచానని అనుకునేది ఇక్కడే. గేటు దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్ సంచి చేతికి తగులుతుంది. అందులో పాత ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటుంది. మూత మీద ఊదా రంగు ఊబే దుంప బొమ్మ, లోపల అడోబో. వెనిగర్‌లో ఉడికిన కూర కాబట్టి రేపటికి ఇంకా బాగుంటుందని, పాడవుతుందన్న సాకు కూడా మిగలకుండా చెప్పి పంపుతారు.

ఇక మిగిలింది డబ్బా వాపసు. దాన్ని ఉంచేసుకోవడం బాగోదు. ఖాళీగా తిరిగివ్వడం అంతకన్నా బాగోదు. అందుకని అతిథి దాన్ని శుభ్రంగా కడిగి, అందులో ఏదైనా తినుబండారం నింపి, ఇచ్చేసి వెంటనే వచ్చేద్దామని సాయంత్రం మూడు గంటల ప్రాంతంలో బయల్దేరాలి.