ఆ నాలుగు ఎవరి పొలంలోది?

పది సెంట్లకు ఇరవై సెంట్లు కలిపితే ముప్పై సెంట్లు. తుళ్లూరులో ఈ లెక్కకు కాగితం అక్కర్లేదు. కానీ 0.1 ఎకరానికి 0.2 ఎకరం కలపమని జావాస్క్రిప్ట్‌ను గానీ పైథాన్‌ను గానీ అడిగి చూడండి. 0.30000000000000004 అంటుంది.

నేను ఈ ఊళ్లోనే డాబా మీది గదిలో కూర్చుని సర్వర్ ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. పురుగుమందుల కొట్టు పద్దులు, లారీల బిల్లులు, భూముల జాబితాలు, ఏది దొరికితే అది. ఓ సాయంత్రం మా బాబాయి పైకొచ్చి, తెర మీద ఈ అంకె చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏరా, ఆ చివర నాలుగు ఎవరి పొలంలోది?"

"అది భూమి కాదు బాబాయ్, దశాంశాల్లో తేడా."

"తేడా సరే, ఎటొచ్చింది? మనకా, పక్కోడికా?"

కంప్యూటర్‌కు తెలిసినవి ఒకటీ సున్నా మాత్రమేననీ, వాటితో పదో వంతును రాయబోతే ఎప్పటికీ తెగదనీ, అందుకని ఒకచోట తెంపేస్తుందనీ, ఈ తెంపుడుకు 1985లోనే అంతర్జాతీయ ప్రమాణం రాశారనీ చెప్పాను. ఆ తేడాను నేల మీద కొలిస్తే ఒక సూక్ష్మజీవి పడుకోవడానికి కూడా చాలదని లెక్క కట్టి చూపించాను. బాబాయి ఓపిగ్గా విని, "అంతేలే గానీ, హద్దురాయి ఎక్కడ పాతాలి?" అన్నాడు.

మా దగ్గర ఇది వేళాకోళం ప్రశ్న కాదు. 2015లో రాష్ట్ర రాజధాని కోసం చుట్టుపక్కల గ్రామాల్లో 30 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. మెట్ట ఎకరం ఇచ్చినవాళ్లకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. నీటి వసతున్న జరీబు ఎకరానికి 1,000, 450. ఎకరం ముప్పై ఐదు సెంట్ల మెట్టకు ఎంతొస్తుందని అడిగితే, బాబాయి తువ్వాలు దులిపి భుజాన వేసుకునేలోపు "పదమూడొందల యాభై, మూడొందల ముప్పై ఏడున్నర" అనేస్తాడు. అలాంటి మనిషి ముందు ఫ్లోట్ అనే ఈ తెంపుడు అంకె పెట్టి పరువు తీసుకోకూడదు. ఎకరాల్ని సెంట్లుగా, సెంటు కూడా తెగేచోట అందులో వందో వంతుగా, పూర్ణసంఖ్యల్లోనే దాచాలి. లేదంటే డేటాబేస్‌లో డెసిమల్ అనే రకం ఇందుకోసమే ఉంది. రూపాయలకూ అదే మందు.

ఇన్నేళ్ల అనుభవంలో నాకు అర్థమైంది ఒకటే. సర్వర్ పనిలో మిషన్ తవ్విన గోతులు తక్కువ, "ఆఁ, ఇంతేగా" అనుకుని మనం తవ్వినవి ఎక్కువ.

సర్వే నెంబర్లనే తీసుకోండి. 12/3 అంటే పన్నెండో నెంబరులో మూడో ముక్క. కొట్టు గుమాస్తా దాన్ని ఎక్సెల్‌లో కొట్టగానే అది మార్చి పన్నెండో తారీఖు అయిపోతుంది. ఆ జాబితాను అలాగే సర్వర్‌లోకి ఎక్కిస్తే, నాలుగు తరాల నుంచి సాగులో ఉన్న చేను కాస్తా క్యాలెండర్‌లోకి పోతుంది. ఇది మన ఒక్కరి కష్టం కాదు. ఎక్సెల్ తారీఖులుగా మార్చేస్తోందని, విసిగిపోయిన శాస్త్రవేత్తలు 2020లో కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. జన్యువుకు పేరు మార్చడం తేలికే. సర్వే నెంబరు మార్చాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ గడిని ముందే టెక్స్ట్ అని ప్రకటించడం మేలు.

ఇక మన భాష దగ్గరికి వద్దాం. తుళ్లూరు అన్న పేరులో అక్షరాలెన్ని? ఒకటో తరగతి పిల్లాడు మూడంటాడు. సర్వర్ ప్రోగ్రాములు రాసే పీహెచ్‌పీ భాషలో పొడవు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్‌ను అడిగితే ఇరవై నాలుగంటుంది. అది లెక్కపెట్టేది బైట్లను. యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. ఒత్తులు, గుణింతాలు విడదీస్తే మన ఊరిపేరులో గుర్తులు ఎనిమిది. ఎంబీ స్ట్ర్‌లెన్ అనే దాని అన్నగారు ఆ ఎనిమిదీ సరిగ్గా చెబుతాడు గానీ, అతనికీ మూడు అంతుపట్టదు. "పేరుకు ఇరవై చాల్లే" అని ఎవరో బైట్ల లెక్కన కత్తిరిస్తే, వెంకట సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు "వెంకట స" దగ్గరే తెగి, తోకకు నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం తగిలించుకుని రసీదు మీద ప్రత్యక్షమవుతారు. 2018లో ఒక తెలుగు అక్షరాన్ని గీయలేక ఐఫోన్లే కుప్పకూలాయి. మన లిపితో తమాషా కూడదు.

పాత మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో చమత్కారం ఉంది. అందులో యూటీఎఫ్-8 అని పేరు పెట్టుకున్నది అసలు యూటీఎఫ్-8 కాదు, మూడు బైట్ల వరకే దాని శక్తి. తెలుగు మూడుకు సరిపోతుంది కాబట్టి మనకు అనుమానం రాదు. ఎమోజీకి నాలుగు కావాలి. ఒక కొట్టు వెబ్‌సైటులో రైతు ఒకాయన తన అభిప్రాయం ఇలా రాశాడు: "విత్తనం బాగుంది", ఆ పక్కన ఒక ఎర్ర మిరపకాయ బొమ్మ, ఆ తర్వాత "అన్నారు గానీ సగం మొలవలేదు, డబ్బులు వెనక్కివ్వండి." మిరపకాయ దగ్గర డేటాబేస్‌కు ఘాటెక్కి మిగతాదంతా వదిలేసింది. "విత్తనం బాగుంది" ఒక్కటీ మిగిలింది. కొట్టాయన దాన్ని ఫ్లెక్సీ వేయించే ఆలోచనలో ఉండగా రైతే స్వయంగా వచ్చాడు. 2010లోనే ఎంబీ4 పేరుతో నాలుగు బైట్లదీ వచ్చింది. టేబుల్ కట్టేటప్పుడే అది ఎంచుకుంటే ఇంత భాగోతం ఉండదు.

గడియారం గొడవ వేరు. సర్వర్లు ఎక్కువగా యూటీసీ కాలంలో నడుస్తాయి, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు మిర్చి లోడు ఎక్కితే, సర్వర్ దృష్టిలో ఇంకా ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరే. ఒక ట్రాన్స్‌పోర్ట్‌లో ఆదివారం లోడుకు డ్రైవర్ బత్తా రెట్టింపు. పాత ప్రోగ్రామరు తారీఖును ఉన్నదున్నట్టు చూపించేసి వెళ్లిపోయాడు. నేను సరిచేయబోతే డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు.

"దాన్నెందుకండీ కదిలిస్తారు, చక్కగా నడుస్తంటే?"

"తారీఖు తప్పు పడుతోందయ్యా."

"కంప్యూటరు అబద్ధం చెప్పదు కదండీ!"

సమయాన్ని యూటీసీలోనే దాచుకుని, మనిషికి చూపేటప్పుడు మాత్రం ఆసియా/కోల్‌కతాకు మార్చి చూపాలన్నది సూత్రం. డ్రైవరుతో ఆ తర్వాత మాటల్లేవు.

వీటన్నిటికన్నా లోతైన గోయి నమ్మకం. పీహెచ్‌పీని రాస్మస్ లెర్డార్ఫ్ మొదలుపెట్టింది తన రెజ్యూమెను ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకోవడానికి. 1995లో నలుగురికీ ఇచ్చాడు. ఆ పుట్టుక వల్లనేమో, కంప్యూటర్ కోర్సులు నేర్పే అమీర్‌పేటలో అది ఇప్పటికీ పనిలో కన్నా రెజ్యూమెల్లోనే బాగా వెలుగుతుంటుంది. అలా నేర్చుకొచ్చిన కుర్రాడు, ఫారంలో జనం రాసిందాన్ని డేటాబేస్‌కు ఇచ్చే ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికించేస్తాడు. ఎవరో చిరునామాలో రాజుగారి డాబాకు కోట్ గుర్తులు పెడితే పేజీ పగులుతుంది. అదే గుర్తు దొంగ పెడితే ఖాతాలన్నీ వాడి చేతికి పోతాయి. ఈ ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ సంగతి 1998 నుంచీ లోకానికి తెలుసు. "బ్రౌజర్లోనే తనిఖీ పెట్టాం కదా" అంటారు. ఆ తనిఖీ దొంగ మిషన్లో ఉంది, వాడు తీసేసుకుంటాడు. మిర్చి యార్డులో కొనేవాడు బస్తా మూతి దగ్గర మెరిసే కాయ చూసి ధర చెప్పడు, చెయ్యి లోపలికంటా పెట్టి అడుగుకాయ లాగుతాడు. సర్వర్ కూడా అంతే చెయ్యాలి. పీహెచ్‌పీలోని పీడీవోతో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు రాస్తే, వచ్చింది వట్టి సరుకేననీ, ఆజ్ఞ కాదనీ డేటాబేస్‌కు తెలుస్తుంది.

పరికరాలకు కొదవలేదు. కానీ మనవాళ్లకు ప్రియమైన పరికరం ఎకో. ఎక్కడ తప్పిందో తెలియక, వరస వరసకూ "వచ్చింది 1", "వచ్చింది 2" అని ముద్రించుకుంటూ పోతారు. వాటిలో ఒకటి తీయడం మరిచి సైటు ఎక్కించేస్తే, మందుల కొట్టుకు ఫోన్ల మీద ఫోన్లు: "వచ్చింది 2 అని పడుతోంది, యూరియాయేనా?" తప్పును జనానికి చూపించకూడదు, ఎర్రర్ లాగ్‌లో రాయించాలి. తెల్లపేజీ వస్తే ముందు చూడాల్సింది ఆ లాగే. ఎక్స్‌డీబగ్ పెట్టుకుంటే ప్రోగ్రామును ఏ వరస దగ్గరైనా నిలబెట్టి, దాని జేబులో ఏముందో తీసి చూడొచ్చు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్ ఉంటే "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "అసలు ఫైనల్" అనే ఫోల్డర్ల సంసారం తప్పుతుంది. పాస్‌వర్డులను భద్రంగా దాచే పాస్‌వర్డ్ హ్యాష్ 2013 నుంచి పీహెచ్‌పీలోనే ఉంది. ఇవన్నీ ఉచితం. ఉచితమైనదాన్ని కూడా వాడనిది మనమే.

కాబట్టి ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మనవి. రాసేముందు, వాడబోయే మనిషి ఎదుట పావుగంట కూర్చుని అతని లెక్క, పేరు, వేళ ఎలా ఉంటాయో వినండి. రాశాక బ్యాకప్ తీయండి. తీసి ఊరుకోకుండా ఇంకో మిషన్లో తిరిగి ఎక్కించి చూడండి. అలా చూడని బ్యాకప్ లేనట్టే లెక్క.