పదహారు సర్టిఫికెట్లు, ఒక ఈఎంఐ

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు, అడక్కుండానే చేతిలో కరపత్రం పడుతుంది. జావా, పైథాన్ల సరసన ఇప్పుడు డిజిటల్ మార్కెటింగ్ కూడా వచ్చి కూర్చుంది. ఈమధ్య దాని ముందు ‘ఏఐ’ అని రెండక్షరాలు తగిలించారు. సిలబస్‌లో ఏం చేరిందో తెలియదు గానీ ఫీజులో మాత్రం చేరింది. ‘‘కోడింగ్ అక్కర్లేదు, ఏ డిగ్రీ అయినా సరే, బ్యాక్‌లాగ్స్ ఉన్నా పర్లేదు. మూడు నెలల్లో పదహారు సర్టిఫికెట్లు, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్.’’ ఆ ఆఖరి మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఈ పదహారూ ఎక్కడివో చూద్దాం. సెర్చ్, డిస్‌ప్లే, వీడియో, షాపింగ్ అంటూ గూగుల్ యాడ్స్‌వే కొన్ని. గూగుల్ వాళ్ళ స్కిల్‌షాప్‌లో అవన్నీ ఉచితం. పరీక్ష ఇంట్లో కూర్చునే రాయొచ్చు. 80 శాతం వస్తే పాస్, రాకపోతే మర్నాడు మళ్ళీ రాసుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి దాని గడువు తీరిపోతుంది, మళ్ళీ రాయాల్సిందే. హబ్‌స్పాట్ అకాడమీవి మరికొన్ని, అవీ ఊరికే వచ్చేవే. వీటన్నిటినీ కుప్పపోసి, పైన తమ పేరుతో బంగారు అంచు, హోలోగ్రామ్ స్టిక్కరు ఉన్న కాగితం ఇంకోటి అచ్చేసి లెక్క సరిపెడతారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఈ అల్లుడు దానం కూడా చేయడు, 18 శాతం జీఎస్టీ వేసి మరీ అమ్ముతాడు.

ఫీజు 45 వేలు అనుకుందాం. జీఎస్టీ 8,100. ఎస్.ఆర్.నగర్ హాస్టల్‌కు నెలకు ఏడు వేల చొప్పున మూడు నెలలకు 21 వేలు. టీలు, బస్సులు వదిలేసినా 74 వేలు దాటింది. నాన్న దగ్గర అంత లేదంటారా? కౌన్సెలర్ గారి సొరుగులో ‘నో కాస్ట్ ఈఎంఐ’ ఫారం సిద్ధం. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, క్రెడిట్ కార్డు బకాయిల మీద ఆ వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో ఖాతాదారు నెత్తినే రుద్దుతున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను మందలించింది. ఆ సంగతి కరపత్రంలో పట్టలేదు, పాపం, జాగా చాల్లేదు.

పోనీ, కాగితానికి విలువే లేదా అంటే, ఉంది. గూగుల్ పార్ట్‌నర్ బ్యాడ్జీ కావాలంటే ఏజెన్సీల్లో ప్రకటనల ఖాతాలు చూసేవాళ్ళలో సగం మందికైనా గూగుల్ యాడ్స్ సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి అక్కడ అది నిజంగా పనికొస్తుంది. కానీ పనికొచ్చేది ఆ ఉచితంగా వచ్చేదే. హోలోగ్రామ్‌ది కాదు.

ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు వేరు. ఏ క్యాంపెయిన్ నడిపావు? ఎంత ఖర్చయింది? ఒక్కో లీడ్ ఎంతకు పడింది? మనవాడు ప్రాజెక్టు చూపిస్తాడు: హైదరాబాద్‌లో పది బెస్ట్ బిర్యానీ హోటళ్ళ మీద ఒక బ్లాగు. బ్యాచ్‌లో అందరిదీ అదే బ్లాగు, అవే పది హోటళ్ళు, మహా అయితే వరస మారుతుంది. ల్యాబ్‌లోని యాడ్స్ ఖాతాకు కార్డు తగిలించి ఉండదు, అందుకని ప్రకటన అంతా తయారై పబ్లిష్ బటన్ దగ్గర ఆగిపోతుంది. పిన్ని పెట్టే ఆవకాయకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ మూడు వేలు పెట్టి ప్రకటన వేసి, ఫోన్ చేసినవాళ్ళెందరు, కొన్నదెవరు, క్యాష్ ఆన్ డెలివరీ అని చెప్పి పార్సిల్ వెనక్కి తిప్పినవాళ్ళెందరు అని ఒక నోటుబుక్కులో రాసుకున్నా ఆ మూడు ప్రశ్నలకూ జవాబు ఉండేది. అమ్ముడుపోకపోతే ఆవకాయైనా మిగిలేది.

ఈ విద్య నిలకడ కూడా చెప్పుకోవాలి. వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్ళ లెక్కలు చూపే యూనివర్సల్ అనలిటిక్స్‌లో 2023 జులై 1 నుంచి గూగుల్ మామూలు ఖాతాలకు లెక్కలు ఆపేసి, దాని కొత్త రూపమైన జీఏ4కు మళ్ళించింది. ఆ పాతదాని మీద తెచ్చుకున్న సర్టిఫికెట్లు ఫ్రేముల్లో, టీవీ పక్కన, దేవుడి క్యాలెండర్ కింద ఇంకా వేలాడుతున్నాయి. వచ్చిన చుట్టాలు చదువుతారు, మెచ్చుకుంటారు.

ఇంత మాట్లాడినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో మార్కెటింగ్ తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఫ్రీ డెమో అని ఫోన్ నంబరు ఇచ్చి చూడండి. మెట్లు దిగేలోపే ఫోన్ మోగుతుంది. ‘‘ఇంకా మూడు సీట్లే ఉన్నాయి సార్, ఇవాళ బ్లాక్ చేసుకుంటే పది వేలు తగ్గిస్తాం.’’ రాత్రికి వాట్సాప్‌లో ఓ పాత విద్యార్థి నవ్వు మొహం, కింద ప్యాకేజీ అంకె. మర్నాడు పొద్దున ఏ వీడియో తెరిచినా వాళ్ళ ప్రకటనే. ఆ మూడు సీట్లు నెల తర్వాతా మూడే. మీరు ఎంతకు పడ్డారో వాళ్ళకు పైసలతో సహా తెలుసు. సిలబస్‌లో ఉన్నదంతా అక్కడ అక్షరాలా జరుగుతుంది, కాకపోతే క్లాసులో కాదు.

నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ లాంటి ప్రకటనలు కోచింగ్ సెంటర్లు వేయకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. వీళ్ళకేం భయం? వీళ్ళిచ్చేది అసిస్టెన్స్. అంటే ఎవరికైనా కనపడే నౌకరీ లింకులను ‘లైఫ్‌టైమ్ యాక్సెస్’ వాట్సాప్ గ్రూపులోకి తోసేయడం.

అయినా కొందరికి ఉద్యోగం నిజంగానే వస్తుంది, అదే ఇన్‌స్టిట్యూట్‌లో. డెమోకి రమ్మని రోజంతా ఫోన్లు చేసే పని. నెలకు 12 వేలు, సీటు బ్లాక్ చేయిస్తే ఇన్సెంటివ్ అదనం. ప్లేస్‌మెంట్ జాబితాలో వాళ్ళ ఫొటో మొదటి వరసలో ఉంటుంది. ఈఎంఐ ఇంకా ఆరు నెలలు ఉంటుంది.